తడి గోనె

అండాలమ్మ చెయ్యి పెద్దది. ఆమె ముఖాన ఈ మాట అనే దమ్ము కర్మన్‌ఘాట్ షెడ్డులో ఎవరికీ లేదు గానీ, చాటున అందరూ అనుకునేదే. ఆ చెయ్యి తన చెంప మీద ఎప్పుడు పడిందో తారీఖుతో సహా చెప్పగల డ్రైవర్లు ఆ షెడ్డులో ఇరవై ఒక్కమంది ఉన్నారు. మొత్తం డ్రైవర్లే ఇరవై ఒక్కమంది.

మే నెలలో ఒక బుధవారం పొద్దున పదకొండు గంటలకు అది దశరథ చెంప మీద పడింది. మామిడి సీజన్ మంచి జోరు మీద ఉంది. బాటసింగారం మార్కెట్లో ఎత్తిన కాయ తొమ్మిదికల్లా దిల్‌సుఖ్‌నగర్ దుకాణాల్లో దిగాలి. దశరథ బండి పదకొండుకు వచ్చింది. దుకాణం మెట్ల మీదే కాచుకుని ఉంది అండాలమ్మ.

"ఏడ సచ్చినవ్‌రా ఇంతసేపు?"

"గ్యాస్ అయిపోయిందక్కా. మల్ల లైన్ల నిలవడ్డ."

"అందరికి ఒక్కపారి నింపితే పొద్దంత ఒస్తది. నీకొక్కనికే రెండుసార్లు ఎట్ల పడ్తదిరా? ఏ హోటల్ల కూసున్నవ్? నిజం జెప్పు."

దశరథ ఏదో చెప్పబోయాడు. నోరు తెరిచాడు కూడా. ఆ తెరిచిన నోటి మీదే ఛెళ్లుమంది. ముప్పై నాలుగేళ్ల మగాడు, ఇద్దరు పిల్లల తండ్రి, పదిమంది హమాలీల ఎదుట చెంప పట్టుకుని నిలబడ్డాడు. ఆ పదిమందిలో ఇద్దరు నవ్వారు. అండాలమ్మ రెండోది కూడా ఇచ్చి, కాయ దించమని చెప్పి ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

దశరథ ఆమె సొంత ఊరివాడు, చిట్యాల అవతల పల్లె. పని ఇప్పించింది ఆమే. వచ్చిన కొత్తలో ఆరు నెలలు ఆమె ఇంట్లోనే తిన్నాడు. సొంత మనిషి అనుకున్నవాణ్ని ఆమె నాలుగు ఎక్కువే కొట్టేది. ఆమె లెక్కలో అది ప్రేమ. ఇలాంటి ప్రేమ ఎవరికి దొరికినా వద్దనే చెప్తాను నేను.

అయితే ఆమె పుట్టుకతోనే ఇలా ఉందనుకుంటే పొరపాటు. మొగుడు లారీ డ్రైవరు. పన్నెండేళ్లు తాగొచ్చి కొట్టాడు. ఒకరోజు ఆమె ఇంటి మూలనున్న, లారీ చక్రాల నట్లు విప్పే వీల్ పానా అందుకుని మోకాలి మీద ఒక్కటి వేసింది. ఆ తర్వాత అయిదేళ్లు బతికాడు గానీ మళ్లీ చెయ్యెత్తలేదు. దెబ్బకు దెయ్యం దిగుతుందని ఆమె ఆ రోజే నేర్చుకుంది. ఆ పాఠం తప్పని నేననను. పన్నెండేళ్లు తన్నులు తిన్న మనిషికి నీతులు చెప్పే మొహం నాకు లేదు. కాకపోతే దెయ్యం దిగిపోయాక కూడా కొడుతూనే ఉంటే, ఎదురుగా మిగిలేది మనిషే. ఆ ముక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు.

షెడ్డూ బండ్లూ రామమోహనరావుగారివి. గుడివాడ వైపు నుంచి ఎప్పుడో వచ్చి, బ్యాంకులో చేసి రిటైరై, గ్యాసుతో నడిచే ట్రాలీలు ఇరవై ఒకటి కొన్నాడు. బండ్లు నడపడం తేలికేననీ, డ్రైవర్లను నడపడమే కష్టమనీ రెండు నెలల్లో తెలిసొచ్చింది. 'అండీ' తగిలించకుండా మాట పెగలని మనిషి. "ఎందుకు ఆలస్యమైందండీ?" అని అడిగితే ఏ డ్రైవరు నిజం చెప్తాడు? అందుకే అండాలమ్మను ఇన్‌ఛార్జిగా పెట్టుకున్నాడు. ఆమె వచ్చిన నెలకే షెడ్డు గడియారంలా నడిచింది. ఎలా నడుస్తోందో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇక గోనెల సంగతి. గ్యాసు బండికి ఛాసిస్ పక్కన మనిషి నడుమంత లావు ఇనుప సిలిండరు ఉంటుంది. పంపులో గ్యాసును అందులోకి బలంగా కుక్కుతారు. కుక్కే కొద్దీ సిలిండరు వేడెక్కుతుంది. ఎండాకాలంలో ముందే కాలిపోతుంటుంది కాబట్టి, పంపు మీద ప్రెజరు ముల్లు రెండు వందలు చూపించినా లోపల గ్యాసు తక్కువే పడుతుంది. అండాలమ్మ చదివింది ఆరో తరగతి. కానీ కుండకు తడిగుడ్డ చుడితే నీళ్లు చల్లబడతాయని తెలుసుకోవడానికి ఆరో తరగతి కూడా అక్కర్లేదు. రెండేళ్ల కిందటి ఎండల్లో ఆమె సిలిండరుకు తడి గోనె చుట్టించింది. అరకిలో గ్యాసు ఎక్కువ పట్టింది. బండి మరో పది పన్నెండు కిలోమీటర్లు పోయింది. రామమోహనరావుగారు మురిసిపోయి, ఆ దసరాకు అందరి ముందూ ఆమెకు శాలువా కప్పాడు. ఆ మర్నాటికి ఇరవై ఒక్క సిలిండర్లకూ గోనెలు చుట్టుకున్నాయి. రోజూ తెల్లవారుజామున బండ్లు బయల్దేరే ముందు ఆమే బకెట్టు పట్టుకుని గోనె గోనెకూ నీళ్లు కొట్టేది.

ఆ గోనెలను ఐసు ఫ్యాక్టరీ నుంచి తెచ్చింది. ఊరికే ఇచ్చారు. ఐసు గడ్డకట్టడానికి డబ్బాలను ఉప్పునీళ్ల తొట్లలో ముంచి ఉంచుతారు. ఆ నీళ్లు చిందిన చోటల్లా పరిచిన గోనెలవి. అవి ఎంత ఉప్పు తాగాయో ఆమె అడగలేదు.

బుధవారం అలా గడిచింది. గురువారం మధ్యాహ్నం పన్నెండు దాటాక, మెకానిక్ భిక్షపతి సీతారాములు బండి కింద పడుకుని ఉన్నాడు. క్లాంపు లూజై సిలిండరు గడగడలాడుతోందని సీతారాములు బండిని షెడ్డుకు తెచ్చాడు. సీతారాములుకు అరవై దగ్గర. మొదట్లో అండాలమ్మను "బిడ్డా" అని పిలిచేవాడు. చెంప పగిలిన రోజు నుంచి "మేడం" అంటున్నాడు.

"అక్కా, ఒక్కసారి ఇటు రా," అని భిక్షపతి పిలిచాడు.

ఆమె వంగి చూసింది. భిక్షపతి గోనె విప్పి పక్కన పడేశాడు. క్లాంపు బిగిసిన చోట, అరచేతి మందాన, సిలిండరు పొరలు పొరలుగా లేచి ఉంది. భిక్షపతి బొటనవేలి గోరుతో గీకాడు. ఎర్రటి పెచ్చు ఊడి అతని ఛాతీ మీద పడింది. మళ్లీ గీకాడు. ఇంకో పెచ్చు.

"తుప్పు తిన్నది అక్కా. లోపట్కంట తిన్నది. మూడేండ్లకొక్కపారి జేసే నీళ్ల పరీక్షకు ఇంక అయిదు నెలలుంది గని, ఇది అయిదు రోజులు ఆగేటట్టు లేదు. ఇండ్ల గ్యాస్ కుక్కితే బాంబే."

అండాలమ్మ చప్పున లేచింది. సీతారాములు పక్కనే నిలబడి కాలి బొటనవేలితో నేల గీస్తున్నాడు. అతని వైపు చూసే తీరిక ఆమెకు అప్పుడు లేదు. ఫోను తీసింది.

"పంపుకు పోవద్దు. గ్యాస్ నింపొద్దు. ఏడున్నోడు ఆడనే బండి ఆపు." పంతొమ్మిది మందికీ అవే మూడు ముక్కలు. పంతొమ్మిది మందీ రెండో రింగుకే ఎత్తారు. ఎందుకని ఒక్కడూ అడగలేదు. అప్పుడు ఆమెకు అది మంచిదే అనిపించింది.

ఇరవయ్యోవాడు దశరథ. రింగయింది, కట్ చేశాడు. మళ్లీ చేసింది, మళ్లీ కట్ చేశాడు. మూడోసారి స్విచ్చాఫ్. నిన్నటి దెబ్బ చెంప మీద ఇంకా చల్లారలేదు మరి.

"గీ టైముకు వాడు ఎల్బీ నగర్ పంపుల ఉంటడు," అంది అండాలమ్మ. "భిక్షపతీ, బండి తియ్యి."

భిక్షపతి పాత స్కూటీ వెనక కూర్చుంది. పక్కనే నేల మీదున్న వీల్ పానా అలవాటుగా చేతిలోకి వచ్చింది. సాగర్ రింగ్ రోడ్డు దాకా బాగానే పోయారు. ఎల్బీ నగర్ చౌరస్తాకు రెండు ఫర్లాంగుల ముందు బస్సులూ లారీలూ ఒకదానికొకటి అతుక్కుని కదలకుండా ఉన్నాయి. ఒక కారు అడ్డం తిరిగింది. అండాలమ్మ దిగి దాని బానెట్ మీద పానాతో ఒక్కటిచ్చింది. లోపలాయన బూతులు మొదలుపెట్టేలోపు ఆమె పరుగు తీసింది. నలభై ఎనిమిదేళ్ల మనిషి, లావుపాటి మనిషి, మిట్టమధ్యాహ్నం ఎండలో చీర కుచ్చిళ్లు నడుముకు దోపి రోడ్డు మధ్యన పరుగెత్తుతుంటే జనం దారిచ్చారు. ఆమె నోట ఒకటే మాట. "నింపకురా తమ్మీ, నింపకు."

పంపు ముందు లైను ఇంకో రోడ్డులా ఉంది. ఆటోలు, ట్రాలీలు, స్కూలు వ్యాన్లు, క్యాబులు, ఓ డెబ్భై బండ్లు. మధ్యాహ్నం పంపులో ప్రెజరు పడిపోతుంది, ఒక్కో బండికి పది నిమిషాలు పడుతుంది. పొద్దున్నుంచి నీళ్లు కూడా లేకుండా నిలబడినవాళ్లు. అప్పటికే రెండు తగాదాలు అయ్యాయి. ఒక ఆటో అద్దం పగిలి కింద రాలి ఉంది.

నాజిల్ దగ్గర మూడో బండి దశరథది. సరుకు పెట్టే నీలం డాలా, దాని వెనక మామిడాకు బొమ్మ. ఆమె దూరం నుంచే గుర్తుపట్టింది. ముందున్న రెండింట్లో ఒకటి కదిలింది. ఇంక ఒక్క బండి.

"ఆపుండ్రి! ఆ బండికి గ్యాస్ ఎక్కియ్యొద్దు! సిలిండర్ పగుల్తది!"

ఈ లైన్లలో ఒక పాత మోసం ఉంది. వెనకున్నవాడు ఉన్నట్టుండి "లీక్, లీక్" అని అరుస్తాడు. ముందున్నవాళ్లు ప్రాణభయంతో బండ్లు పక్కకు తీస్తారు. వాడు నింపాదిగా దూరిపోతాడు. ఒకసారి మోసపోయినవాడు రెండోసారి నవ్వుతాడు, మూడోసారి కొడతాడు. ఆ లైన్లో ఉన్నవాళ్లకు ఎన్నోసారో చెప్పలేను గానీ నవ్వే ఓపిక ఎవరికీ లేదు.

"అచ్చింది ఇంకోతి! నీ బండేదమ్మా? ఎనక పెట్టుకో పో!"

"బండి లేదు, నాయిన! నిజంగనే పగుల్తది!"

"బండి లేకుంటే నీకేం పనే ఈడ?"

ఒకడు అడ్డంగా చెయ్యి చాచాడు. ఆమె ఆ చేతిని కొరికింది. వాడు కెవ్వుమని ఆమె జుట్టు పట్టుకున్నాడు. పానా వెనక్కి తిప్పి పొట్టలో పొడిచింది. వాడు ముడుచుకున్నాడు గానీ వాడి పక్కవాడు ఆమె వీపు మీద కాలితో తన్నాడు. ఆటో కమ్మీకి తగిలి కనుబొమ్మ చిట్లింది. ఎడమకన్ను రక్తంతో మూసుకుపోయింది. లేచింది. ఎవడో చీర కొంగు లాగాడు. కొంగు వదిలేసి ముందుకు తూలింది. ఇంకెవడో మోచేత్తో నోటి మీద కొట్టాడు. నోట్లో ఇనుము రుచి. ఆమెకు ఏదీ నొప్పి అనిపించలేదు. కుడికంటితో ఆ నీలం డాలానే చూస్తోంది. ముందున్న బండి కదిలింది. దశరథ బండి నాజిల్ దగ్గరికి వచ్చి ఆగింది.

దశరథ దిగాడు. గ్యాసు నింపేటప్పుడు బండిలో ఎవరూ ఉండకూడదని పంపు నియమం. పంపు మనిషి నాజిల్ తగిలించి పిడి తిప్పాడు. బుస్సుమని చప్పుడు. గోడవతల కంప్రెసర్ రొద. ముల్లు లేవడం మొదలుపెట్టింది.

అండాలమ్మ అప్పటికి పది అడుగుల దూరంలో ఉంది. "తియ్! నాజిల్ తియ్‌రా!" అంది. కంప్రెసర్ హోరులో ఆ మాట ఆమెకే వినపడలేదు.

దశరథ తల తిప్పి చూశాడు. అతనికి కనపడింది ఏమిటి? నిన్న పదిమందిలో రెండు దెబ్బలు వేసిన మనిషి, ముఖం నిండా రక్తంతో, చేతిలో పానాతో, తన మీదికి వస్తోంది. ఫోన్ ఎత్తనందుకు ఇక్కడి దాకా వచ్చి కొట్టబోతోందనుకున్నాడు. ఎవరైనా అంతే అనుకుంటారు. లోపల ఎన్నాళ్ల నుంచో అణిగి ఉన్నదేదో భగ్గుమంది.

"ఇయ్యాల కొడ్తె ఊకోనక్కా! మనిషిని గాదా నేను? గొడ్డునా?"

"జరుగు!"

"జరుగ!"

బండికి వీపు ఆనించి, రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. ఆమె అతని చంకలోంచి చెయ్యి పోనిచ్చి నాజిల్ అందుకోబోయింది. దశరథ ఆమెను బలమంతా పెట్టి తోశాడు. జీవితంలో మొదటిసారి ఆమె మీద చెయ్యి వేశాడు. ఆమె పంపు దిమ్మెకు కొట్టుకుంది. పక్కటెముక ఒకటి లోపల విరిగిన చప్పుడు ఆమెకు తెలిసింది. తలెత్తి చూస్తే ముల్లు నూట నలభై దాటింది. సీతారాములు బండి పెచ్చు కళ్ల ముందు ఊడి పడింది. ఇంకో నిమిషం. ఆ నిమిషంలో వీడు ముక్కలవుతాడు. వాడి ప్రాణం కాపాడాలి, ఆ ప్రాణానికి అడ్డంగా వాడే నిలబడి ఉన్నాడు.

ఆమెకు తెలిసిన విద్య ఒక్కటే. పానా ఎత్తింది.

దశరథ ముఖానికి కుడిచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పానా మణికట్టు మీద పడింది. ఎండు కట్టె విరిగినట్టు శబ్దం వచ్చింది. ఆమె ఆగలేదు, అతను ఇంకా జరగలేదు కాబట్టి. రెండోది అదే చేతి మీద పడింది. వేళ్లు వేలాడిపోయాయి. దశరథ అరవలేదు. మోకాళ్ల మీద కూలబడి, తన చేతిని తనే వింతగా చూసుకున్నాడు.

పంపు మనిషి హడలిపోయి పిడి తిప్పేశాడు. బుస ఆగింది. ముల్లు నూట డెబ్భై దగ్గర నిలిచిపోయింది. అండాలమ్మ నాజిల్ ఊడబెరికి నేలకేసి కొట్టింది. "బతికినవ్‌రా తమ్మీ," అంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియదు. "బతికినవ్."

ఆ తర్వాత లైను ఆమె మీద పడింది. చెప్పులు, పిడికిళ్లు, ఒకడి చేతిలో ఫ్యాన్ బెల్టు. "మనిషి చెయ్యి ఇరగ్గొట్టింది, సంపుండ్రి దీన్ని" అని ఒక గొంతు. న్యాయం చెయ్యాలన్న ఆవేశం కొందరిది. మూడు గంటలుగా తిన్న ఎండ, ఆగిపోయిన పంపు, ఇంటికి చేరడంలో ఆలస్యం, అన్నీ కలిసిన కచ్చ మిగతా అందరిది. ఆమె ముడుచుకుని తల దాచుకుంది. బెల్టు వీపు మీద నాలుగుసార్లు పడింది. అయిదోది పడలేదు. బరువుగా ఏదో వచ్చి ఆమె మీద వాలింది. దశరథ. విరిగిన చెయ్యి పొట్టకు అదుముకుని, ఎడమచేత్తో ఆమె తల కప్పాడు.

"కొట్టకుండ్రి! మా అక్క గామె! కొట్టకుండ్రి!"

బెల్టువాడు ఆగాడు. కొట్టించుకున్నవాడే వద్దంటుంటే కొట్టడానికి వాడికి కూడా మొహం చెల్లలేదు.

అప్పటికి భిక్షపతి ట్రాఫిక్‌లోంచి బయటపడి, స్కూటీ ఎక్కడో పారేసి రొప్పుతూ వచ్చాడు. జనానికి విషయం అరిచి చెప్పాడు. సిలిండరు బాగోలేదని, పేలిపోయేదని. జనం గబుక్కున వెనక్కి జరిగారు. భిక్షపతి గాలి పీల్చుకుని, చూపించడానికని బండి పక్కన వెల్లకిలా పడుకుని తల లోపలికి పెట్టాడు. చాలాసేపు బయటికి రాలేదు.

"ఏమైందిరా? ఎంత తిన్నది?" అంది అండాలమ్మ నేల మీది నుంచి.

భిక్షపతి బయటికి వచ్చి కూర్చున్నాడు. ఆమె ముఖం కేసి చూడలేకపోయాడు. "దీనికి గోనె లేదక్కా."

ఆమెకు అర్థం కాలేదు. పొద్దున తనే గోనె చుట్టి ఉండగా చూసింది. తనే బకెట్టు నీళ్లు కొట్టింది. పాక్కుంటూ వెళ్లి కింద తల పెట్టింది. సిలిండరు నున్నగా, పలచగా గ్రీజు పూసి, కొత్తదానిలా మెరుస్తోంది. క్లాంపు కింద రబ్బరు ముక్క కూడా వేసి ఉంది. గోనె డ్రైవరు సీటు కింద చుట్ట చుట్టి దొరికింది. షెడ్డు గేటు దాటి మలుపు తిరగగానే రోజూ విప్పేసేవాడు. తడి తుడిచేవాడు, తిరిగి షెడ్డుకు వచ్చే ముందు మళ్లీ చుట్టేవాడు. గోనె లేదు కాబట్టి అరకిలో తక్కువ పట్టేది. తక్కువ పట్టింది కాబట్టి రెండోసారి లైన్లో నిలబడేవాడు. రెండోసారి నిలబడ్డాడు కాబట్టి ఆలస్యమయ్యేది. ఆలస్యమైంది కాబట్టి నిన్న రెండు దెబ్బలు తిన్నాడు. ఇరవై ఒక్క బండ్లలో గ్యాసు నింపడానికి భయపడక్కర్లేనిది ఆ ఒక్క బండే.

అండాలమ్మ బండి కిందే ఉండిపోయింది. భిక్షపతి ఆమె కాళ్లు పట్టి బయటికి లాగాల్సి వచ్చింది.

నాలుగో రోజు సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక దవాఖాన. దశరథ మణికట్టులో రెండు ప్లేట్లు వేశారు. ఆరు నెలలు స్టీరింగ్ పట్టొద్దన్నారు. ఆ తర్వాతైనా బొటనవేలు వంగుతుందో లేదో డాక్టరు చెప్పలేదు. పంపువాళ్లు పిలిస్తే పోలీసులు వచ్చారు. బండి డాలా చేతి మీద పడిందని దశరథ రాయించాడు. అండాలమ్మకు కనుబొమ్మ మీద ఏడు కుట్లు, పక్కటెముకలకు కట్టు. రోజూ వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంటోంది. ఇద్దరి మధ్యా పెద్దగా మాటల్లేవు. నీళ్లు కావాలా అంటే కావాలి, వద్దు, అంతే.

ఆ రోజు రామమోహనరావుగారు వచ్చాడు. వెనకాల సీతారాములు. రావుగారి చేతిలో నీళ్ల పరీక్ష కాగితాలున్నాయి.

"ఇరవై సిలిండర్లూ పంపించామండీ," అన్నాడు ఆయన, ఎవరి కళ్లలోకీ చూడకుండా. "పదమూడు పనికిరావన్నారు. మన సీతారాములుగారి బండిది మాత్రం... నీళ్ల తొట్టిలో పెట్టి ప్రెజరు ఎక్కిస్తుంటే, మనం రోజూ పంపులో పట్టించే ప్రెజరు దాకా కూడా రాలేదటండీ. నిలువునా చీలిపోయిందట. పంపులో జరిగుంటే ఎంతమంది పోయేవాళ్లో." కాగితాలు మడిచాడు. "తప్పు నాదేనండీ. ఆ గోనెలకి శాలువా కప్పింది నేనే కదా. మీరు మాట్లాడుతుంటే షెడ్డంతా నిశ్శబ్దంగా ఉండేది. గౌరవం అనుకున్నానండీ నేను."

ఆయన బిల్లు కౌంటరు వైపు వెళ్లాడు. సీతారాములు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

అండాలమ్మ అతని వైపు తిరిగింది. షెడ్డులో అతను కాలితో నేల గీస్తూ నిలబడిన తీరు ఆమెకు ఇప్పుడు గుర్తొచ్చింది. "పెద్దాయనా, నిజం జెప్పు. నీ సిలిండర్ తిన్నదని నీకు ఎర్కేనా?"

సీతారాములు దశరథ వైపు చూశాడు, తర్వాత నేల వైపు. "పోయిన దసరా కాడికెల్లి పెచ్చులు రాల్తున్నయ్ మేడం."

"ఎనిమిది నెలలు! పక్కల బాంబు పెట్టుకొని తిరిగినవా? నాకెందుకు చెప్పలే?"

"అందరికి ఎర్కనే అక్కా," అన్నాడు దశరథ మంచం మీది నుంచి. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉన్నా ఆమె తట్టుకునేది. "రాల్తుంటె అందరం జూస్తనే ఉన్నం. లైన్ల నిలవడ్డప్పుడు మాట్లాడుకునేటోళ్లం. నీకు ఎవరు చెప్పాలె అని చీటీలు గూడ ఏసుకున్నం ఒకసారి. చీటీ వచ్చినోడు పనే మానేసి ఊరికి పోయిండు."

"నువ్వన్న చెప్పొద్దారా? నా ఇంట్ల తిన్నోనివి."

"నేను జెప్పిన కదక్కా."

"ఎప్పుడు?"

"మొదటి దినమే. నువ్ గోనె చుడ్తున్నవ్. ఇనుముకు తడి పడదక్కా, తుప్పు వడ్తది అన్న. అందరు ఆడనే ఉన్నరు." దశరథ ఎడమచేత్తో చెంప తడుముకున్నాడు, అలవాటుగా. "నువ్ గొట్టినవ్. అందరు జూసిండ్రు. గందుకే మల్ల ఎవ్వరు జెప్పలే."

అండాలమ్మ ఎంత వెతుక్కున్నా ఆ రోజు ఆమెకు గుర్తురాలేదు. గోనె చుట్టడం గుర్తుంది. అరకిలో ఎక్కువ పట్టడం గుర్తుంది. శాలువా రంగు గుర్తుంది. కొట్టడం లేదు. కొట్టినవాళ్లకు గుర్తుండదు, తిన్నవాళ్లకు తారీఖుతో సహా ఉంటుంది. పన్నెండేళ్లు తిన్న మనిషికి ఈ సంగతి తెలిసుండాల్సింది. విరిగిన పక్కటెముకలతో ఏడవడం కూడా కష్టమే. నోట్లో కొంగు కుక్కుకుని, ఊగుతూ ఏడ్చింది. వాళ్లిద్దరూ చూస్తూ ఉండిపోయారు.

కాసేపటికి ముఖం తుడుచుకుంది. దశరథ తల కింది దిండు పక్కకు జారిపోయి, మెడ వంకరగా ఉంది. సర్దుదామని స్టూలు మీది నుంచి లేచి చెయ్యెత్తింది.

దశరథ కళ్లు గట్టిగా మూసుకుని, ప్లేట్లు వేసిన చేతినే ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర సీతారాములు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె చెయ్యి దిండుకు జానెడు దూరంలో ఆగిపోయింది. ఇద్దరూ ఆ చేతి కోసమే ఊపిరి బిగబట్టి ఉన్నారు. దాన్ని ఎలా దించాలో అండాలమ్మకు తెలియలేదు.